శర శశి షట్క చంద్ర: ఆ ఇరవై అంకెల్ని ఫార్వర్డ్ చేసేముందు ఒక్కసారి విప్పి చూడండి

పోయిన సంక్రాంతి ముందు మా ఫ్యామిలీ గ్రూప్‌లో మా పెదనాన్న గారు ఒక మెసేజ్ పెట్టారు. వెయ్యేళ్ళ కిందటే మన తెలుగువాడు 64 బిట్ కంప్యూటర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్యని పద్యంలో చెప్పేశాడు, తెలుగువాడివైతే షేర్ చెయ్యి అని. కింద పద్యం, దాని కింద వరసగా దండాలు, చప్పట్లు, ఇరవై మంది పైనే పెట్టారు. నేను రాజమండ్రిలో సాయంత్రాలు టెన్త్ పిల్లలకి లెక్కలు చెప్తా, అంకెలు కనపడితే చెయ్యి ఊరుకోదు. పెన్ను తీసి ఒక్కో మాటకి ఒక్కో అంకె రాసుకుంటూ పోయా. పంతొమ్మిదే వచ్చాయి. ఇరవై రావాలి. మళ్ళీ లెక్కపెట్టా, మళ్ళీ పంతొమ్మిదే.

అంటే అంతమంది చప్పట్లు కొట్టారు గానీ ఒక్కళ్ళు కూడా చదివి లెక్కపెట్టలేదు. ఆ రోజు నాకు కలిగిన బాధే ఈ పోస్టు.

ముందు సరైన పద్యం చూడండి. పావులూరి మల్లనది అని చెప్తారు, పదకొండో శతాబ్దం, రాజరాజనరేంద్రుడి కాలం అని ఎక్కువమంది మాట. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చినాయన.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

సంఖ్య ఇక్కడితో అయిపోయింది, మిగతాది ఇది చదరంగం గళ్ళని రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తం అని చెప్పడం. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని అనే లెక్క, కథ అందరికీ తెలిసిందే కాబట్టి మళ్ళీ చెప్పను.

మాటలకి అంకెలు ఎలా వస్తాయంటే, శరం అంటే బాణం, మన్మథుడికి ఐదు బాణాలు, కాబట్టి 5. శశి అంటే చంద్రుడు, ఒక్కడే, 1. షట్కం 6. చంద్ర 1. శర 5, సాయక అన్నా బాణమే, 5. రంధ్రం అంటే ఒంట్లో నవరంధ్రాలు, 9. వియత్ అంటే ఆకాశం, ఖాళీ, 0. నగం అంటే కొండ, కులపర్వతాలు ఏడు, 7. అగ్ని 3, త్రేతాగ్నులు. భూధరం మళ్ళీ కొండే, 7. గగనం 0, అబ్ధి సముద్రం 4, వేదం 4, గిరి 7, తర్కం 6, పయోనిధి 4. పద్మజాస్య అంటే బ్రహ్మగారి ముఖాలు, 4. కుంజరం ఏనుగు, అష్టదిగ్గజాలు, 8. తుహినాంశుడు మళ్ళీ చంద్రుడు, 1. వీటిని కుడి నుంచి ఎడమకి పేర్చాలి, అంకెల నడక ఎడమ వైపుకి అనేది పాత నియమం. పేరిస్తే ఇది:

1,84,46,74,40,73,70,95,51,615

నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, తొంభై ఐదు లక్షల యాభై ఒక వేల ఆరు వందల పదిహేను. ఒక్క అంకె తేడా లేదు, రెండుని 64 సార్లు గుణించి ఒకటి తీసేస్తే సరిగ్గా ఇదే. ఇంకో సంగతి, మా ట్యూషన్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి కనిపెట్టింది, రెండు రెట్లు రెండు రెట్లు చేసుకుంటూ పోగా వచ్చిన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కసారి కూడా లేదు. ఇరవై అంకెల్లో 4 నాలుగుసార్లుంది, 1, 5, 7 మూడేసి సార్లున్నాయి, 2 మాత్రం లేదు. దీనికి కారణమేమీ ఉండక్కర్లేదు, అలా పడింది అంతే, కానీ అది చూడాలంటే సంఖ్యని అంకె అంకెగా చూసుండాలి కదా.

ఇప్పుడు పెదనాన్న గారి మెసేజ్‌లో తప్పెక్కడో చెప్తా. అందులో "వియన్నగాగ్ని" బదులు "వియదగ్ని" అని ఉంది. ఎవరో టైప్ చేస్తూ "నగ" మింగేశారు. ఒక కొండ పోయింది, ఒక 7 పోయింది. నేను దీన్ని రెండు దారుల్లో పట్టుకున్నా, రెండూ చెప్తా ఎందుకంటే నేను చెప్పాలనుకున్నదంతా వాటిలోనే ఉంది.

మొదటిది ఛందస్సు. ఇది చంపకమాల, పాదానికి 21 అక్షరాలు, న జ భ జ జ జ ర. మెసేజ్‌లో మొదటి పాదం 20 అక్షరాలే ఉంది, చదువుతుంటేనే నడక కుంటుపడింది. అంటే పద్యం అనేది ఇక్కడ అలంకారం కాదు, తాళంకప్ప. ఒక మాట జారితే గణం చెడుతుంది, గణం చెడితే చెవికి తెలుస్తుంది. పైగా రెండో అక్షరం ప్రాస ర, శర, ధర, జర. పదకొండో అక్షరానికి యతి, శ కి సా, ధ కి త. తాటాకు మీద చూసి రాసుకునేవాడు ఎక్కడో నిద్రమత్తులో తప్పు రాసినా తర్వాత చదివేవాడు పట్టుకునేందుకు ఇన్ని ఏర్పాట్లున్నాయి. అయినా ఇది పూర్తి కాపలా కాదని కూడా చెప్పుకోవాలి. ఎవరైనా ఒక మాట తీసేసి అదే కొలతకి ఇంకో మాట పెట్టేస్తే, "వేద" ఉన్నచోట "బాణ" అని పెట్టేస్తే, గురువు లఘువు అవే కాబట్టి ఛందస్సు కిమ్మనదు, నాలుగు కాస్తా ఐదైపోతుంది. అక్కడ పనికొచ్చేది రెండో దారి.

రెండో దారి సంఖ్య సొంత గుణం. 64 గళ్ళని జంటలు జంటలుగా చూడండి. 1+2 అంటే 3. 4+8 అంటే 12. 16+32 అంటే 48. ప్రతి జంటా 3 గుణిజమే, ఎందుకంటే పక్క గడి ముందు గడికి రెట్టింపు, రెండూ కలిపితే మూడింతలు. అలాంటి జంటలు 32, కాబట్టి మొత్తం కూడా 3 తో భాగించబడి తీరాలి. సరైన సంఖ్యలో అంకెలన్నీ కూడితే 87, మూడు ఇరవైతొమ్మిదులు. మెసేజ్‌లో సంఖ్య అంకెలు కూడితే 80. మూడుతో పోదు. తప్పని తేలిపోయింది, అసలు సంఖ్య ఎంతో తెలియకుండానే. పైన చెప్పిన "బాణ" తప్పు కూడా ఇక్కడ దొరికిపోతుంది, మొత్తం 88 అవుతుంది కాబట్టి.

ఈ జంటల ఆట ఇక్కడితో ఆగదు. నన్నడిగితే ఈ సంఖ్య అసలు అందం ఇక్కడే ఉంది, బియ్యం రాశుల్లో లేదు. గళ్ళని నాలుగేసి తీసుకోండి, 1+2+4+8 అంటే 15, ఆ తర్వాత నాలుగూ దానికి 16 రెట్లు, కాబట్టి 5 తో కూడా పోతుంది. ఎనిమిదేసి తీసుకుంటే అది బోర్డు మీద ఒక వరస, మొత్తం 255, అంటే 3×5×17. రెండో వరస మొదటి దానికి 256 రెట్లు, మూడోది రెండో దానికి 256 రెట్లు. ఇప్పుడు బోర్డుని చీర మడత పెట్టినట్టు మడతపెట్టండి. 64 ని సగం చేస్తే 32, మళ్ళీ 16, 8, 4, 2, 1, ఆరు మడతలు. ప్రతి మడతలో రెండో సగం మొదటి సగానికి ఎన్ని రెట్లో, దానికి ఒకటి కలిపితే ఒక కారణాంకం బయటకొస్తుంది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇరవై అంకెల సంఖ్య ఆరు మడతల్లో విడిపోయింది, కాలిక్యులేటర్ అక్కర్లేదు, చెస్ బోర్డు చాలు. ప్రతిదీ రెండు ఘాతం ప్లస్ ఒకటి రూపంలో ఉంటుంది, 2+1, 4+1, 16+1, 256+1, 65536+1, చివరిది 4294967296+1. వీటినే ఫెర్మా సంఖ్యలు అంటారు. ఫ్రాన్స్‌లో పియెర్ ద ఫెర్మా అనే లాయరు 1640 ప్రాంతంలో ఇవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని నమ్మాడు. మొదటి ఐదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది, పది అంకెలది, అది కూడా అంతే అనుకున్నాడు.

1732 లో ఆయిలర్ అనే గణితవేత్త అది తప్పని తేల్చాడు. 4294967297 ని 641 భాగిస్తుంది. ఎలా వెతకాలి అన్నది కూడా చక్కటి విషయం, ఈ సంఖ్యకి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 64 గుణిజం ప్లస్ ఒకటి రూపంలోనే ఉండాలి. (ఇక్కడ కూడా 64 వచ్చింది చూడండి, చదరంగంతో సంబంధం లేకుండా.) ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నానికే దొరికిపోతుంది. నేను దీన్ని బోర్డు మీద ఇలా చెప్తా. 641 అంటే 5×128+1. కాబట్టి 641 తో భాగించేటప్పుడు 5×2⁷ ని −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸ అనేది 1 అవుతుంది. ఇంకోవైపు 641 అంటే 625+16 కూడా, కాబట్టి 5⁴ ని −16 అనుకోవచ్చు, అంటే −2⁴. ఇది దాంట్లో పెడితే −2³² అనేది 1, అంటే 2³²+1 శేషం సున్నా. నాలుగు లైన్లు. పది అంకెల భాగహారం చేయకుండానే అయిపోయింది. మొదటిసారి ఇది అర్థమైన రోజు నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నా, ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

641 తో భాగిస్తే వచ్చేది 6700417, అది మళ్ళీ ప్రధాన సంఖ్యే. సో మల్లన చెప్పిన సంఖ్యని పూర్తిగా విడగొడితే ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాలేదు. ఏడూ వేరువేరు కాబట్టి ఒక్కోదాన్ని తీసుకోవడమో వదిలేయడమో, 2⁷, అంటే ఈ సంఖ్యని నిశ్శేషంగా భాగించేవి సరిగ్గా 128. రెట్టింపుల నుంచి పుట్టిన సంఖ్యకి భాజకాల లెక్క కూడా రెట్టింపుల్లోనే వచ్చింది.

బోర్డులో కింద సగం, అంటే మొదటి 32 గళ్ళ మొత్తం 4294967295, అది 3×5×17×257×65537. 1796 లో గాస్ అనే జర్మన్ గణితవేత్త పంతొమ్మిదేళ్ళు కూడా నిండకుండా స్కేలు, కంపాస్‌తో 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని నిరూపించాడు, దాని వెనక ఉన్నది ఈ ఫెర్మా ప్రధాన సంఖ్యలే, బేసి భుజాలైతే ఆ లెక్క వేరువేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల గుణలబ్ధం అయ్యుండాలి. 65537 తర్వాత ఇంకో ఫెర్మా ప్రధాన సంఖ్య ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. అందువల్ల స్కేలు, కంపాస్‌తో గీయగలమని ఇవాళ మనకి తెలిసిన బేసి భుజాల బహుభుజుల్లో అన్నిటికంటే పెద్దదానికి భుజాలు ఎన్నంటే సరిగ్గా ఆ 4294967295, సగం చదరంగం బోర్డు మీద గింజలన్ని. ఆ 65537 మీకు తెలియకుండా మీరు రోజూ వాడుతూనే ఉండుంటారు, వెబ్‌సైట్ల తాళాల్లో ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి వాడేచోట మామూలుగా పెట్టుకునే సంఖ్య అదే.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఈ పద్యాన్ని పట్టుకుని మనం చేస్తున్న ప్రచారం ఆ పద్యానికే అన్యాయం అని నా గట్టి నమ్మకం. మల్లన కంప్యూటర్ గురించి చెప్పలేదు. కంప్యూటర్‌లో 64 ఎందుకొచ్చిందంటే 8 నుంచి 16, 16 నుంచి 32, 32 నుంచి 64, అలా రెట్టింపు చేసుకుంటూ వచ్చారు కాబట్టి. చదరంగంలో 64 ఎందుకంటే ఎనిమిది ఎనిమిదులు కాబట్టి. రెండూ కలవడం యాదృచ్ఛికం. అలాగే ఈ సంఖ్య మనకొక్కళ్ళకే తెలుసు అన్నది కూడా నిజం కాదు, అల్ బిరూనీ అనే పండితుడు క్రీ.శ. 1000 ప్రాంతంలోనే ఇదే సంఖ్యని అరబీలో రాసిపెట్టాడు. ఇందులో చిన్నతనమేముంది? లెక్క సరిగ్గా చేసిన ప్రతివాడికీ ఒకే జవాబు రావాలి, వచ్చింది. దాన్ని "ప్రపంచంలో ఎవరికీ తెలియనప్పుడు మనకి తెలుసు" అని చెప్తే, రేపు బిరూనీ గురించి చదివిన పిల్లాడు మనం చెప్పిన మిగతా నిజాలు కూడా నమ్మడు. ఇంకోవైపు ఇదంతా ఛాదస్తం, పద్యాల్లో లెక్కలేంటి అని కొట్టిపారేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళకీ నేను ఒప్పుకోను.

ఎందుకు ఒప్పుకోనో చెప్తా. మీ ఫోన్‌లోనో స్ప్రెడ్‌షీట్‌లోనో 2 ఘాతం 64 మైనస్ 1 కొట్టి చూడండి. చాలా స్ప్రెడ్‌షీట్లు 15 అంకెల దాకానే ఉంచుకుంటాయి, చివర్లో సున్నాలు పెట్టేస్తాయి. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మామూలు సంఖ్యగా రాస్తే 18446744073709552000 అని చూపిస్తుంది. చివరి 1615 పోయింది. ఎందుకంటే అక్కడ సంఖ్యని ఉంచే పద్ధతిలో 2⁵³ దాటాక ప్రతి పూర్ణాంకానికీ విడిగా చోటు ఉండదు, దగ్గర్లో ఉన్నదానికి సర్దేస్తుంది. ఆరేళ్ళ కింద నేను ఒక చిన్న ఆఫీసుకి లెక్కలు చూసిపెట్టేవాణ్ణి, అక్కడ పొడవాటి రిఫరెన్స్ నంబర్లు షీట్‌లో పేస్ట్ చేస్తే చివరి అంకెలు సున్నాలైపోయి రెండు రోజులు ఎవరి పేమెంట్ ఎవరిదో తెలియక అవస్థపడ్డాం. ఇంత కోల్పోవడం ఇవాళ కూడా ఇంత తేలిగ్గా జరుగుతుంటే, మూడు పాదాలు కూడా నిండని మాటల్లో ఇరవై అంకెలూ చెడకుండా ఇక్కడిదాకా వచ్చాయంటే ఆ పని చేసినవాళ్ళ శ్రద్ధకి నేను మనస్ఫూర్తిగా దండం పెడతా. గొప్పతనం అక్కడుంది.

ఇంకొక మాట, ఇది చెప్పకుండా ఉండలేను. చంపకమాల అనే వృత్తానికి ఛందశ్శాస్త్రంలో ఒక నంబరుంది, 21 అక్షరాల ఛందానికి ప్రకృతి అని పేరు, అందులో ఇది 711600వ వృత్తం. చిన్నప్పుడు బట్టీ పట్టా, ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. తర్వాత నేనే వేసి చూసుకున్నా. పాదంలో మొదటి అక్షరానికి విలువ 1, రెండో దానికి 2, మూడో దానికి 4, నాలుగో దానికి 8, అలా చదరంగం గళ్ళలాగే రెట్టింపులు. లఘువు ఉన్నచోట ఆ విలువ తీసుకోవాలి, గురువు ఉన్నచోట వదిలేయాలి. చంపకమాలలో లఘువులు 1, 2, 3, 4, 6, 8, 9, 10, 12, 13, 15, 16, 18, 20 స్థానాల్లో వస్తాయి. విలువలు కూడండి: 1, 2, 4, 8, 32, 128, 256, 512, 2048, 4096, 16384, 32768, 131072, 524288. మొత్తం 711599. ఒకటి కలిపితే 711600. అంతా గురువులే ఉన్నదాన్ని ఒకటో నంబరు అంటారు కాబట్టి ఆ ఒకటి కలపాలి. అంటే పద్యపాదమే ఒక చదరంగం వరస, కొన్ని గళ్ళు నింపి కొన్ని ఖాళీగా వదిలిన 21 గళ్ళ వరస. 21 అక్షరాలకి మొత్తం వృత్తాలు 2²¹, 2097152. అదే 64 అక్షరాల పాదం అనుకుంటే ఎన్ని వృత్తాలు? మల్లన సంఖ్యకి ఒకటి ఎక్కువ. ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడి కాలం నుంచీ ఛందస్సు వాళ్ళు ఈ రెట్టింపుల్ని ఘాతాలుగా వేసే దారి కూడా చెప్పారు, ఒక్కొక్కటే 64 సార్లు గుణించక్కర్లేదు, 2 ని వర్గం చేస్తే 4, దాన్ని వర్గం చేస్తే 16, తర్వాత 256, 65536, 4294967296, ఆరోసారికి 2⁶⁴. మళ్ళీ అవే ఆరు మడతలు.

ఒక్క పద్యంలో ఘాతాలు, భాజనీయతా సూత్రాలు, ప్రధాన కారణాంకాలు, రెండే అంకెలతో నడిచే బైనరీ లెక్క, స్థానవిలువ అన్నీ ఉన్నాయి. మన పిల్లలకి తెలుగు పీరియడ్‌లో గణవిభజన చేయిస్తాం, లెక్కల పీరియడ్‌లో ఘాతాంకాలు చేయిస్తాం, రెండూ పక్కపక్క పీరియడ్లే అయినా ఒకదానికొకటి తెలియదు. ఒక్క గంట, ఈ పద్యం బోర్డు మీద రాసి పక్కన చెస్ బోర్డు పెట్టి చెప్తే చాలు. నేను చెప్పా. బియ్యం కూడా పోయించా, మొదటి వరస నిండేసరికి 255 గింజలు, పిడికెడు కూడా కాదు, పిల్లలు ఇంతేనా సార్ అన్నారు. రెండో వరస మధ్యలో గింజలు గడిలో నిలవక పక్కకి కారిపోయాయి, ఆ వరస చివరిదాకా వెళ్ళాలంటేనే కిలో బియ్యం పైన పడుతుంది, లెక్కపెట్టడం ఆపేసి తూకానికి దిగారు. గింజ 20 మిల్లీగ్రాములు అనుకుంటే 64 గళ్ళకి సుమారు 37 వేల కోట్ల టన్నులు, ప్రపంచమంతా ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు, ఏడు వందల ఏళ్ళ పంట అన్నమాట. అది చెప్తే ఆశ్చర్యపోయారు, కానీ అంతసేపే. మడతలు పెట్టి కారణాంకాలు తీసినప్పుడు మాత్రం ఎనిమిదయినా ఇళ్ళకి వెళ్ళలేదు.

పెదనాన్న గారికి ఫోన్ చేసి మీ మెసేజ్‌లో కొండ పోయింది అని చెప్పా. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, "ఆగరా, కాగితం తెచ్చుకుంటా" అని లైన్‌లోనే ఉంచి ఒక్కో మాటా రాసుకున్నారు. డెబ్భై ఆరేళ్ళు ఆయనకి. మూడుతో భాగించే కిటుకు చెప్తే అక్కడికక్కడే 87 వేసి చూసుకుని, సరిచేసిన పద్యం మళ్ళీ గ్రూప్‌లో పెట్టారు, ఈసారి అంకెలతో సహా.

ట్యూషన్‌లో పిల్లలు ఇప్పుడు ఏడు కారణాంకాలకీ మాటలు కడుతున్నారు. 17 కి "గిరి చంద్ర". 257 కి "నగ శర నయన". 641 కి "శశి వేద ఋతువు" అని ఒకమ్మాయి వెంటనే చెప్పింది. 65537 కి కొండ, అగ్ని, బాణం, బాణం, ఋతువు, దానికి పెద్ద కష్టం లేదు. 6700417 దగ్గర ఆగారు, నగ, చంద్ర, వేద వరకూ వచ్చి, పక్కపక్కన రెండు సున్నాలు పడ్డాయి. ఆకాశానికి రెండు వేరు మాటలు కావాలట, గగనం ఒకటి దొరికింది, అంబరం సరిపోతుందా యతికి అని నిన్న రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ పెట్టారు.